అద్దె పేరు

"ఆ కార్డు ఆసుపత్రిలో బయటపెట్టావంటే వారం తిరక్కుండా ముగ్గురం తిరిగి మన సాల్వడార్‌లో ఉంటాం," అన్నాడు మొగుడు ఎవెలియో తలుపుకు అడ్డంగా నిలబడి.

ఆ ముగ్గురిలో మూడోవాడికి ఇంకా కడుపులో నాలుగో నెలే. నిన్న మధ్యాహ్నం కోళ్ళ ఫ్యాక్టరీలో రెక్కలు కోస్తుండగా డెల్మికి కనిపించిన నెత్తురు ఈ పొద్దుటికీ ఆగలేదు. ఫ్యాక్టరీలో నెత్తురు చూసి ఎవరూ జడవరు గానీ, ఇది కోడిది కాదు.

కార్డుతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. దాని మీద ఉన్నది డెల్మి పేరు కాదు. అమెరికాకి వచ్చి ఎనిమిది నెలలు. తన పేరు మీద పని చేసుకునే కాగితం లేదు. అందుకని ఒక బ్రోకరు పోర్టరికో ఆవిడ పేరొకటి అద్దెకు కుదిర్చిపెట్టాడు. వాళ్ళు పుట్టుకతోనే ఇక్కడి పౌరులు, పైగా మాట్లాడేది వీళ్ళలాగే స్పానిషే. ఆ ఫ్యాక్టరీలో సగం మందికి ఛాతీ మీద పేరు బిళ్ళ ఒకరిది, దాని వెనక మనిషి ఇంకొకరు. పని మూడు నెలలు నిండగానే కంపెనీ వాళ్ళు "మిగ్డాలియా కొలోన్" పేరుతో ఆరోగ్య బీమా కార్డు ఇచ్చారు. డెల్మి దాన్ని భద్రంగా మొక్కజొన్న పిండి డబ్బాలో పెట్టి, ఇంతవరకు చెయ్యి పెట్టలేదు.

పక్కింటి ఒఫేలియా కారు తాళాలు ఊపుకుంటూ వచ్చింది. ఫ్యాక్టరీలో ఆమెది పదకొండేళ్ళ సర్వీసు, మూడు పేర్లు.

"జరగవయ్యా," అంది ఎవెలియోతో. "నీ కడుపులో ఉంటే తెలిసేది. వారం వారం ఆ కార్డు కోసం దీని జీతం కోస్తున్నారా లేదా? పేరు అద్దెదైతే అయింది, నొప్పి సొంతమే కదా."

ఎవెలియో జరిగాడు. ఒఫేలియాకి జరగని మగవాడు ఆ వీధిలో లేడు.

డెల్మికి ఇరవై నాలుగు, మిగ్డాలియాకి నలభై మూడు. ఒఫేలియా డెల్మి జుట్టు ముడివేసి, చెంపల దగ్గర వెంట్రుకలు నెరిసినట్టు కాస్త పిండి అద్ది, తను చర్చికి పెట్టుకెళ్ళే కళ్ళజోడు తగిలించింది. లోకంలో ఆడవాళ్ళందరూ వయసు దించుకోవడానికి పూసుకుంటారు, డెల్మి ఎక్కించుకోవడానికి పూసుకుంది. ఎక్కించడం చాలా తేలికని తేలింది.

కారులో దారి పొడుగునా, వెనక సీట్లో ఎవెలియో వింటుండగానే, పాఠం నడిచింది. పుట్టిన తేదీ, ఊరు కయే, తల్లి ప్రొవిదెన్సియా. నొప్పి మెలిపెట్టినప్పుడల్లా డెల్మి కడుపు పట్టుకుని, ముఖమైనా తెలియని ఆ తల్లి పేరే జపంలా అనుకుంది.

కౌంటరు దగ్గర మెక్సికో పిల్ల ఒకతె కార్డు అటూ ఇటూ తిప్పింది. తేదీ అడిగింది, ఊరు అడిగింది, తల్లి పేరు అడిగింది. డెల్మి ఎక్కడా తడబడలేదు.

"పోర్టరికో వాళ్ళు ఇంత నింపాదిగా మాట్లాడతారా?" అంది ఆ పిల్ల కళ్ళెత్తి. "నాకు తెలిసినవాళ్ళు సగం మాట మింగేసి తక్కిన సగం మన మీదికి విసురుతారు."

డెల్మి కళ్ళజోడు పైకి తోసుకుంది.

"ఫ్యాక్టరీలో మెషీన్ల మోతమ్మా. నింపాదిగా చెబితే తప్ప వినపడదు. అలవాటైపోయింది."

ఆ పిల్ల నవ్వింది. "నలభై మూడంటే మాత్రం నమ్మబుద్ధి కావట్లేదు పిన్నీ. ఏం తింటావు?"

"కోడి రెక్కలు," అంది డెల్మి. పిండి రాలుతుందేమోనని తల కదల్చలేదు.

ఇంక ఒకే ఒక్క ప్రశ్న మిగిలిందట. ఇదివరకు ఆపరేషన్లేమైనా అయ్యాయా? ఇది ఒఫేలియా పాఠంలో లేదు. డెల్మి ఒక్క క్షణం ఆలోచించి, ఇందులో అబద్ధంతో పనేముంది అనుకుంది.

"ఏమీ లేవు. ఇంతవరకు నా ఒంటిమీద కత్తి పడలేదు."

పొద్దుట్నుంచీ ఆమె చెప్పిన ఒకే ఒక్క నిజం అది. చెప్పాక ప్రాణం తేలికపడింది కూడా.

ఒఫేలియా కూడా తోడుగా లోపలికి వచ్చింది. డాక్టరమ్మ పెద్దావిడ, ముక్కల స్పానిష్‌తో నెట్టుకొస్తోంది. కడుపు మీద చల్లటి జిగురు రాసి, చేతిలో యంత్రం అటు జరిపి ఇటు జరిపి వెతికింది. డెల్మి కళ్ళు గట్టిగా మూసుకుని, ఈసారి తన సొంత తల్లిని తలుచుకుంది.

టకటకా టకటకామని వినిపించింది.

"ఉన్నాడు. గట్టిపిండమే," అంది డాక్టరమ్మ. "నెత్తురు ఆగడానికి మందు రాస్తాను. రెండు వారాలు మంచం దిగకు. నువ్వు లేకపోయినా కోళ్ళు చస్తాయి."

డెల్మి ఏడ్చింది. చెంపల మీది పిండి కన్నీళ్ళతో కలిసి మెడ దాకా కారింది. ఒఫేలియా తన రుమాలుతో తుడుస్తూ, పిండితో పాటు పంతొమ్మిదేళ్ళు కూడా తుడిచేస్తున్న సంగతి గమనించుకోలేదు. బయట కారులో ఎవెలియో ఉన్నాడు, ముందు అతనికి చెప్పాలి, అనుకుంది డెల్మి. కార్డుకేం కాలేదు, తనకేం కాలేదు, బిడ్డకేం కాలేదు.

డాక్టరమ్మ కంప్యూటరు వైపు తిరిగి కార్డు నంబరు కొట్టింది. చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. తరవాత మెల్లగా లేచి గది తలుపు మూసి వచ్చి, డెల్మి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుంది.

"మిగ్డాలియా, బీమా వాళ్ళ దగ్గరున్న కాగితాల ప్రకారం నీకు గర్భసంచి తీసేసి నాలుగేళ్ళయింది."