ఏ డాబ్సన్?

"డాబ్సన్ శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. వచ్చి పోల్చుకోండి" అన్నాడు కానిస్టేబుల్ గుమ్మంలో నిలబడి.

"ఏ డాబ్సన్ నాయనా?" అంది ఈడిత్.

అతను తెల్లమొహం వేశాడు. మొన్నే పట్నం నుంచి వచ్చినవాడు, పాపం, అతనికేం తెలుసు? ఆ జాలర్ల ఊళ్ళో ఎవరిని కదిపినా డాబ్సనే. బీరు కొట్టు పేరు డాబ్సన్. కొండమలుపు పేరు డాబ్సన్. చర్చి గంట మీద చెక్కిందీ డాబ్సనే. రొట్టెల దుకాణంలో పిల్లికి కూడా వేరే పేరు పెట్టే ఓపిక లేకపోయింది ఎవరికీ.

అందుకే అక్కడి ఆడవాళ్ళు తమ మగవాళ్ళ స్వెట్టర్లకి ఇంటికో అల్లిక వేస్తారు. సముద్రం ముఖాన్ని మిగల్చకపోయినా అల్లికని మిగులుస్తుంది.

ఈడిత్ శాలువా లాక్కుని బయటపడింది. పక్కింటి మార్తా అప్పటికే వీధిలో ఉంది. ఇద్దరి కొడుకులూ ఒకే పడవ ఎక్కారు.

"మీది నిచ్చెన అల్లికేగా?" అంది మార్తా.

"ఆఁ. మీది తాడు అల్లిక కదక్కా."

ఇద్దరూ కానిస్టేబుల్ వెనకే నడిచారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. తన మొర దేవుడు ఆలకిస్తే అక్క నోట్లో మట్టి కొట్టినట్టేనని ఈడిత్‌కి తెలుసు. సిగ్గేసింది. అయినా దారి పొడుగునా ఆ మొర మానలేదు.

పడవల షెడ్డులో బల్ల మీద పాత తెరచాప కప్పి ఉంది. కానిస్టేబుల్ మొహం పక్కకి తిప్పుకుని, స్వెట్టర్ చెయ్యి ఒక్కటే కనబడేలా గుడ్డ జరిపాడు.

ఈడిత్ కళ్ళు గట్టిగా మూసుకుంది.

మార్తా వంగి, తడిసిన ఉన్నిని వేలితో తడిమింది. చాలాసేపు తడిమింది.

"తాడే. నా చేత్తో అల్లిందే. మా నెడ్."

ఈడిత్ ఉన్నచోటే కూలబడింది. గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. కానిస్టేబుల్ కంగారుపడిపోయాడు.

"అమ్మా, మీవాడు కాదు కదా! మీరెందుకమ్మా..."

ఆమె వినిపించుకోలేదు. మార్తా స్వెట్టర్ చెయ్యి వదలకుండానే, రెండో చేత్తో ఆమె తల నిమిరింది.

"ఊరుకోవే ఈడితూ, పడవ మునిగిన ఇన్ని నెలలకి నాకు పూడ్చుకోడానికి బిడ్డ దొరికాడు, మీ విల్ఫ్‌ని కూడా ఆ సముద్రం ఎప్పటికో అప్పటికి ఇచ్చేస్తుందిలే."