ముగ్గుపిండి పాదాలు

ఇసుక సంచి ముందు నిమ్మకాయ వేలాడుతోంది.

సుమంత్ గడప దగ్గరే ఆగిపోయాడు. పైకప్పు కొక్కేనికి దారం కట్టి, సరిగ్గా అతని గడ్డం ఎత్తున ఎవరో దాన్ని వేలాడదీశారు. కింద ముగ్గుపిండితో రెండు పాదాలు గీసి ఉన్నాయి. ఎడమది ముందు, కుడిది వెనక కాస్త పక్కకు. సంచి మీద కుంకుమ బొట్టు.

తెల్లవారుజామున ఐదున్నరకు నారాయణగూడ వ్యాయామశాలకు సాధన చెయ్యడానికి వచ్చేది అతనొక్కడే. అంటే ఇదంతా తన కోసమే.

బాక్సింగ్ మొదలుపెట్టి ఐదు నెలలైంది. నేర్పే ప్రహ్లాద్ సార్ సాయంత్రాలు మాత్రమే వస్తాడు. పొద్దున ఏం చెయ్యాలని అడిగితే సంచిని గుద్దమంటాడు. సుమంత్ గుద్దుతూనే ఉన్నాడు. గుద్దులో బలముందని అందరూ అంటారు గానీ, ఎదుట మనిషి నిలబడితే ఆ బలం ఎటు పోతుందో తెలియదు. డిసెంబరులో కొత్తవాళ్ల పోటీ ఉంది. అందులో ఓడితే ఈ గుద్దులాటలు మాని సుల్తాన్ బజార్‌లో మేనమామ బట్టల కొట్టులో కూర్చోవాలని నాన్న తేల్చి చెప్పేశాడు.

సరిగ్గా ఇలాంటప్పుడు ఈ నిమ్మకాయ.

చిక్కడపల్లి సందుల్లోంచి ఒక్క పరుగున అశోక్ నగర్ ఇంటికి చేరి నానమ్మ కమలవ్వకు చెప్పాడు. ఆమె చేతిలో చాట కింద పెట్టేసింది.

"నీ మీద ఎవడో ఏదో చేయించిండు బిడ్డా. ఆ పాదాల మీద అడుగు పెట్టకు. నిమ్మకాయ ఎడమచేతిల పట్టుకపోయి నాలుగు బాటల కాడ పారేయి. ఎనకకు సూడకు."

డిగ్రీలో ఫిజిక్స్ చదువుతున్న కుర్రాడు మరునాడు అక్షరాలా అలాగే చేశాడు. వెనక్కి చూడకూడదన్న పట్టుదలలో నారాయణగూడ చౌరస్తాలో సిటీ బస్సు కింద పడబోయి బతికాడు. ఫిజిక్స్ ఆ పూట అడ్డం రాలేదు.

తర్వాతి రోజు కొత్త నిమ్మకాయ, కొత్త పాదాలు. అతను పారేసినకొద్దీ, తుడిచేసినకొద్దీ తెల్లవారేసరికి మళ్లీ ప్రత్యక్షం.

అనుమానం ఈదయ్య మీదికి పోయింది. హాలు ఊడ్చేది ఆయనే, తాళంచెవి ఉండేదీ ఆయన దగ్గరే. అరవై దాటిన మనిషి. మాట ముద్దముద్దగా వస్తుంది, నడిస్తే కాలు తూలుతుంది. రాష్ట్రమంతా మద్యం బందై ఏడాది కావస్తుంటే ఈయనకు పొద్దున్నే ఎక్కడ దొరుకుతోందో అని అందరూ నవ్వుకునేవారు. వాసన వచ్చిందని మాత్రం ఎవరూ అనలేదు. అంత దగ్గరికి ఎవరూ పోలేదు.

ఒకరోజు సుమంత్ ఐదింటికే వచ్చి కిటికీలోంచి చూశాడు. ఈదయ్య బల్లెక్కి కొక్కేనికి దారం కట్టాడు. దిగి, సంచికి బొట్టు దిద్దాడు. తర్వాత నిమ్మకాయ వైపు ఎడమచెయ్యి చాచి, వెనక్కి తీసి, మళ్లీ చాచి, ఏదో గొణిగాడు.

మంత్రమే. ఇక సందేహం లేదు.

"ఏం చేస్తున్నవ్?" అంటూ సుమంత్ లోపలికి దూకాడు.

ఈదయ్య ముఖం వెలిగింది. పాదాలను చూపించాడు, నిమ్మకాయను చూపించాడు, సుమంత్ ఎడమచెయ్యి పట్టుకుని చెంప దాకా ఎత్తబోయాడు. చెప్పిన మాట ఒక్కటీ తెలియలేదు. సుమంత్ భయంతో చెయ్యి విదిలించుకున్నాడు.

ఆ సాయంత్రమే సార్‌తో అన్నాడు, ఈదయ్య తాగి వచ్చి చేతబడి చేస్తున్నాడని. సాయంత్రానికి నిమ్మకాయా ఉండదు, ముగ్గూ ఉండదు కనుక చేతబడి మాట సార్ నమ్మలేదు. తాగుడు మాట నమ్మాడు. ఈదయ్య తాళంచెవి బల్ల మీద పెట్టి, చీపురు మూలకు ఆనించి వెళ్లిపోయాడు.

డిసెంబరు పోటీలో ఎదుటివాడు దోమలగూడ నుంచి వచ్చిన ఎల్లేశం. తనకన్నా బక్కపలచని మనిషి. మొదటి రౌండంతా దెబ్బలు తింటూ సుమంత్‌నే గమనించాడు. రెండో రౌండులో సుమంత్ ఎడమచెయ్యి విసిరాడు. వెనక్కి తెచ్చేటప్పుడు అలవాటుగా అది నడుము దాకా జారింది, కాళ్లు రెండూ దగ్గరికి వచ్చేశాయి. ఆ సందులోంచి ఎల్లేశం కుడిచెయ్యి వచ్చి గడ్డం మీద తగిలింది. మూడో రౌండులోనూ అదే సందు, అదే చెయ్యి.

రెఫరీ ఎల్లేశం చెయ్యి పైకెత్తాడు.

సుమంత్‌కు బట్టల కొట్టు కళ్ల ముందు కనబడింది. మర్యాద కోసం ఎల్లేశం దగ్గరికి వెళ్లి చెయ్యి కలిపాడు. అతని చేతిసంచిలో, గ్లవ్స్ పక్కన, దారం కట్టిన నిమ్మకాయ ఉంది.

"ఇది ఎవరిచ్చిన్రు?"

"మా హాలు ఊడ్సె తాత. వచ్చి రెండు నెల్లాయె. ఇసుక సంచికి బొట్టు పెట్టి మొక్కి, దీన్ని ఏలాడగట్టి కొట్టిపిస్తడు. కొట్టినంక చెయ్యి చెంప కాడికి రావాలె, అడుగు ముగ్గు దాటొద్దు, గంతే. ఒకప్పుడు పెద్ద బాక్సరట అన్న. తల మీద దెబ్బలు తిని తిని నాలుక మొద్దువారింది, కాలు తూలుతది. అందరు తాగిండనుకుంటరు."

ఆ తాత ఎవరో సుమంత్‌కు అర్థమైంది. అయినా అనుమానం అంత తేలిగ్గా చావదు. తన చెయ్యి జారుతుందని తెలిసినవాడు లోకంలో ఒక్కడే, ఆ ఒక్కడూ వీడి పక్షాన ఉన్నాడు.

"నా చెయ్యి జారుతదని ఆయనే చెప్పిండా?"

ఎల్లేశం తల అడ్డంగా ఊపాడు.

"నీది నారాయణగూడ హాలని తెలిసి నేనే అడిగిన అన్న, నీ ఆటల తక్కువ ఏడున్నదో చెప్పమని. రెండుసార్లు అడిగితే గని ఆయన మాట సమజ్ కాలె. 'నేన్ చెప్ప. వాడు గూడ నా శిష్యుడే' అన్నడు."