శవపేటికతో వచ్చినామె

"ఇంటోళ్లు ముందు మట్టి వేయాల. నువ్వు అట్ల జరుగు తల్లీ."

బేతంచెర్ల సమాధుల తోటలో ఎవరో పెద్దామె అలా అనగానే నోరా వెనక్కి జరిగింది.

ఐర్లండ్‌లో నర్సుగా చేస్తున్న మహిమ మెదడులో నరం చిట్లి చనిపోయింది. శవపేటికతో పాటు వచ్చిన తెల్లామె ఈ నోరా. "మహిమ, నేను ఒకే ఇంట్లో ఉంటిమి" అని మాత్రం చెప్పింది.

బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే దావీదురాజు, తన కూతుర్ని ఇంటికి తెచ్చినందుకు ఆమెకు చేతులు జోడించాడు. రెండు రోజుల్లో వెళ్లిపోతుందిలే అనుకున్నాడు.

ఆమె వెళ్లలేదు.

కబురు తెలిసినప్పటి నుంచి మహిమ తల్లి విశ్వాసమ్మ ముద్ద ముట్టలేదు. నోరా సంగటి పళ్లెం పట్టుకొని ఆమె పక్కన కూర్చుంది.

"రోంత తినమ్మా. లేకుంటే మహిమ తిడతాది."

విశ్వాసమ్మ తలెత్తి చూసింది.

"ఈ మాటలు యాడ నేర్చుకుంటివి?"

"మహిమ దగ్గర. ఏడేండ్లు."

ఆ పూట విశ్వాసమ్మ తిన్నది.

వీధిలో గుసగుసలు మొదలయ్యాయి.

"ఎవరప్పా ఆ యమ్మ? ఇన్ని దినాలు ఈడ ఎందుకుండాది?"

దావీదురాజు తల దించుకొని ఫ్యాక్టరీకి పోయొచ్చేవాడు.

సమాధి చేసిన ఇరవై ఎనిమిదో రోజు ఎస్సై వచ్చాడు. ఇంకో రెండు రోజుల్లో ఆమె వీసా అయిపోతుందన్నాడు.

"నలభయ్యో దినం ప్రార్థన దాకా ఉండొచ్చా సార్?" నోరా అడిగింది.

"టూరిస్టు వీసాకు గడువు పెంచరమ్మా. ఈ ఇంటి బంధువైతే పైకి రాసి చూస్తా." ఎస్సై దావీదురాజు వైపు తిరిగాడు. "ఏమప్పా, నీకేమవుతాది ఈమె?"

నోరా కూడా ఆయన వైపే చూసింది.

"ఏమీ కాదు సార్. మా బిడ్డతో పాటు ఉండేదంట, అంతే."

ఎస్సై రాసుకున్నాడు. నోరా లోపలికి పోయి బట్టలు సర్దుకుంది.

మర్నాడు ఉదయం ఆమె రైలెక్కింది. స్టేషన్ దాకా పోయొస్తానన్న భార్యను దావీదురాజు ఆపాడు.

"వద్దు. ఊరంతా మననే చూస్తాండారు."

నలభయ్యో రోజుకు సమాధి మీద రాయి నిలపాలి. దాని మీద చెక్కించే తేదీలు తప్పుగా పడకూడదని, పేటికతో వచ్చిన ఇంగ్లీషు కాగితాలన్నీ తీసుకొని ఆయన టీచర్ యేసుప్రసాద్ దగ్గరికి వెళ్లాడు.

యేసుప్రసాద్ తేదీలు రాసిచ్చాడు. తర్వాత అడుగున ఉన్న కాగితం చూస్తూ ఆగిపోయాడు.

"మామా, ఇది ఎవరితోనైనా చదివించుకున్యారా?"

"లేదప్పా. ఏముండాది దాంట్లో?"

యేసుప్రసాద్ ఒక్కో మాటే తెలుగులో చెప్పాడు.

"'ఐర్లండ్ చట్టం ప్రకారం ఈమెను మా ఊళ్లోనే సమాధి చేసుకునే హక్కు నాది. అయినా వాళ్లమ్మ కడసారి చూసుకోవాలని కన్నవాళ్లకు అప్పగిస్తున్నాను. ఇట్లు, మహిమ భార్య, నోరా.'"