ఆధారం లేని చీటీలు

చీటీ చేతికి రాగానే నిఘంటువు సంపాదకురాలు అడుగున ఆధారం రాసే గీత చూసింది.

ఖాళీ.

పైన ఏం రాసి ఉందో చదవకుండానే పక్కనున్న అట్టపెట్టెలో పడేసింది.

"ఇదీ పనికిరాదా అమ్మా?" అంది ఎదురుగా నిలబడ్డ పెద్దావిడ.

"ఆధారం లేదు కదండీ. మాటను వాడి చూపిన ఆ వాక్యం ఎవరన్నారో, ఎప్పుడన్నారో కింద రాయాలి. ఎన్నిసార్లు చెప్పను?"

"చెప్పాను తల్లీ. చెబితే మా తమ్ముడు తెల్లమొహం వేస్తున్నాడు. ఒంట్లో బాగోలేదు వాడికి. ఒక్క చీటీ మీరు తీసుకుంటే, బుర్ర ఇంకా పనిచేస్తోందని నమ్ముతాడట."

"ఆయన పేరేంటి?"

"చెప్పొద్దన్నాడు. మనిషిని చూసి కాదు, చీటీ చూసి తీసుకోవాలట."

"అబ్బో, పట్టింపు బానే ఉంది!" అన్నాడు మూలనుంచి ప్రూఫులు చూసే ఆయన.

సంపాదకురాలికి మాత్రం నవ్వు రాలేదు. "జాలితో నిఘంటువు రాయకూడదండీ" అంది.

పెద్దావిడ తలూపి, సంచీ సర్దుకుని వెళ్లిపోయింది. నాలుగు నెలలుగా ప్రతి సోమవారం ఇదే వరస.

పాపం, సంపాదకురాలి కష్టాలు సంపాదకురాలివి. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు మొత్తం 'సెట్' అనే మూడక్షరాల ఇంగ్లీషు మాట దగ్గర ఆగిపోయింది. సూర్యుడు అస్తమిస్తే అదే మాట. విరిగిన ఎముక అతికిస్తే అదే. సిమెంటు గట్టిపడినా, అలారం పెట్టినా, ఆఖరికి కట్టుడు పళ్లకైనా అదే. అది చాలక అప్‌సెట్, సెట్‌బ్యాక్, సెట్టింగ్ అంటూ చుట్టాలు.

"ఇది మాట కాదండీ, ఉమ్మడి కుటుంబం. ఒకర్ని పిలిస్తే నలుగురు బయటికొస్తారు" అనేవాడు ప్రూఫులాయన.

ఉద్యోగంలో చేరిన రోజునే ఆ 'సెట్' చీటీల కట్ట ఆమె చేతిలో పెట్టారు పెద్దాయన. ఆ నిఘంటువు మొదలుపెట్టిన మనిషి. ఆమెకు పని నేర్పిన మనిషి. కట్ట చూసి ఆమె బిక్కచచ్చిపోతే, ధైర్యం చెప్పి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ముందు కింద చూడమ్మా, తర్వాతే పైన" అనేవారు. "ఆధారం లేని చీటీ చదివితే జాలి పుడుతుంది. జాలితో నిఘంటువు రాయకూడదు."

అలాంటి మనిషి మూడేళ్ల కిందట వారం సెలవని వెళ్లి, టైపు చేసిన రాజీనామా పంపేశారు. కారణం లేదు, చిరునామా లేదు. ఒక్క మాటైనా చెప్పకుండా పోయారే అని ఆమెకు ఇప్పటికీ కడుపుమంట.

తర్వాతి సోమవారం పెద్దావిడ రాలేదు. గురువారం వచ్చింది.

"ఆ పాత చీటీలు ఉంటే ఇప్పించమ్మా."

"ఎందుకండీ?"

"మా తమ్ముడు మొన్న పొద్దున పోయాడు. వాడి గుర్తుగా ఇంట్లో ఉంచుకుంటాను."

సంపాదకురాలు గబుక్కున లేచి కుర్చీ జరిపింది. "అయ్యో, కూర్చోండి."

అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటే తీసింది. కొక్కిరిబిక్కిరి రాత. మొదటిసారి పైన చదివింది.

'సెట్: పెట్టు. మాత్రల వేళకు అక్క అలారం పెడుతుంది.'

'సెట్: వరుస. నా పళ్లసెట్ గ్లాసులో హాయిగా నవ్వుతోంది, నేనే నవ్వలేకపోతున్నాను.'

'అప్‌సెట్: కలత. కలాన్ని ఏమంటారో గుర్తురాక పొద్దుటినుంచీ మనసు బాగోలేదు.'

'సెట్: బిగుసుకొను. డాక్టరు మాట విని అక్క మొహం బిగుసుకుపోయింది.'

ఆమె చెయ్యి ఆగిపోయింది. సరిగ్గా ఈ అర్థానికే తగిన తెలుగు మాట దొరక్క రెండు నెలలుగా కొట్టుకుంటోంది. అది ఇక్కడే, ఆమె మోచేతి పక్కనే, పెట్టెలో పడి ఉంది.

"ఇది... ఇది పనికొస్తుందండీ" అంది. "ఇవన్నీ పనికొస్తాయి. చదవాల్సింది. నేను చదవాల్సింది."

పెద్దావిడ కళ్లు తుడుచుకుంది.

"పక్షవాతమమ్మా. కుడిచెయ్యి పడిపోయింది. మాటలు కూడా ఒక్కొక్కటే జారిపోయాయి. ఎందుకో ఈ ఒక్క మాటనే పట్టుకుని వేలాడాడు, ఎడంచేత్తో కుస్తీ పడుతూ. మూడేళ్లుగా ఎవరికీ కనబడలేదు. తనని చూసి జాలిపడతారన్నాడు."

సంచీలోంచి మడత పెట్టిన చీటీ తీసింది.

"ఇది చివరిది. పోయిన వారం మీరు చెప్పింది మళ్లీ మళ్లీ చెబితే, రెండు రోజులు ఆలోచించి, ఈసారి కింద కూడా రాశాడు. నన్ను చదవొద్దన్నాడు."

సంపాదకురాలు మడత విప్పింది. అలవాటు ఎక్కడికి పోతుంది? కళ్లు ముందు కిందికే పోయాయి.

'ఆధారం: నువ్వు ఉద్యోగంలో చేరిన రోజు, ఈ బల్ల దగ్గరే నేను అన్నది.'

కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని పైన చదివింది.

'సెట్: భయపడకమ్మా. చాలా పెద్ద కుటుంబం, ఒక్కొక్కళ్లనే పలకరించు. నేను పక్కనే ఉంటాగా.'