విజిల్ లేని కుక్కర్

వంటింట్లో అడుగుపెట్టగానే రాజక్క ఆగిపోయింది.

"గ్యాస్ పొయ్యి ఏది చెల్లే?"

గట్టు మీద కరెంటు కుక్కర్ ఒక్కటే ఉంది. కింద సిలిండర్ కూడా లేదు.

"తీసేసినం అక్కా. గిప్పుడు అన్నీ దీంట్లనే." మహేశ్వరి కవర్లోని చికెన్ గిన్నెలోకి బోర్లించి కుళాయి తిప్పింది. "అరగంటల అయితది. తిని పోదువు."

కొండగట్టు గుడికి వెళ్లిన రాజక్క మంచిర్యాలకు తిరిగి పోతూ, దారిలో చెల్లెల్ని చూసిపోదామని బొగ్గుబాయి కాలనీలో దిగింది. ఉగాది తర్వాత రావడం ఇదే. అక్కాచెల్లెళ్లిద్దరూ సందు చివరి చికెన్ సెంటర్‌కు పోయి వచ్చారు. పోయినంతసేపూ, వచ్చినంతసేపూ మహేశ్వరి చెవి దగ్గర నుంచి ఫోన్ దించలేదు. "గీడనే ఉన్న. ఎటూ పోలే. ఇగో వస్తున్న" అంటూనే ఉంది. చెప్పు సగం జారినా ఆగి తొడుక్కోలేదు.

రాజక్కకు అప్పుడే మనసులో ఏదో ముల్లు గుచ్చుకుంది.

"కత్తియ్యి. ఉల్లిగడ్డ కోస్త."

"కోసినయున్నయక్కా. పక్కింటి నవీన ఇచ్చింది."

"ఉల్లిగడ్డ కూడా పక్కింటామె కొయ్యాల్నా? ఇంట్ల కత్తి లేదా?"

కుక్కర్ గిన్నెలో నూనె వేడెక్కింది. మహేశ్వరి ఉల్లిగడ్డ వేసి గంటెతో కలిపింది. అల్లం వెల్లుల్లి ముద్ద వేసింది. ముక్కలు వేసింది. కారం, పసుపు, ఉప్పు, కాసిన్ని నీళ్లు. మూత బిగించి మీట నొక్కింది.

"విజిల్ వస్తదా?"

"రాదు. లోపలలోపలనే ఉడుకుతది."

రాజక్క కాళ్లు కడుక్కోవడానికి బాత్రూంకు పోయింది. తిరిగొచ్చేసరికి ఆమె ముఖం మారిపోయింది. తలుపుకు లోపలి గొళ్లెం లేదు. మేకులు పీకేసిన గుంటలు మాత్రం ఉన్నాయి. పడకగది తలుపూ అంతే.

"ఏందే గిది? తానం చేసెటప్పుడు కూడ తలుపేసుకోవద్దా?"

"మెల్లగ అక్కా."

"మెల్లగెందుకు? ఇనని, ఇంటె ఇనని!"

ముందుగదిలో పరశురాములు టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. ఒకప్పుడు బస్టాండు దాకా ఎదురొచ్చి సంచి అందుకునే మనిషి, ఈ రోజు ఆమె వచ్చినప్పుడు కుర్చీలోంచి లేవను కూడా లేదు.

"డ్యూటీకి పోలేదా మరిదీ?"

"సెలవు పెట్టిన వదినె."

"పెండ్లాన్ని కావలి కాసెతందుకు పెట్టినవా సెలవు?"

అతను తలెత్తి వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు చూశాడు. మహేశ్వరి చీర కొంగును వేలికి చుట్టుకుంటూ నేల చూసింది.

"పొయ్యి లేదు. కత్తి లేదు. తలుపులకు గొళ్లాల్లేవు. దుకాన్ దాక పోతె నిమిషం నిమిషం ఫోను. ఎవలు చెప్పిన్రు గివన్ని? నువ్వేనా?"

అతను టీవీ గొంతు తగ్గించాడు.

"అవు వదినె," అన్నాడు పరశురాములు. "నేనే."

రాజక్కకు కన్నీళ్లు ఆగలేదు. చెల్లెలి రెక్క పట్టుకుని పడకగదిలోకి లాక్కుపోయింది. బీరువా పైనున్న సంచి దించి మంచం మీద పడేసింది.

"బట్టలు సర్దు. ఇప్పుడే పోదాం. బాపు లేకుంటె నీకు ఎవలు లేరనుకుంటున్నడా? నేను బతికే ఉన్న."

"నేను రానక్కా."

"జైల్ల కూడ గింత కష్టముండదే!"

"రాను."

"ఆయనంటే గంత భయమా నీకు?"

మహేశ్వరి అప్పుడు మొదటిసారి అక్క కళ్లలోకి సూటిగా చూసింది.

"భయమే అక్కా. పొద్దందాక భయమే. కన్ను మూస్తే కూడ భయమే."

రాజక్క సంచి మళ్లీ బీరువా మీద పెట్టింది. కొండగట్టు నుంచి తెచ్చిన ఎర్రదారం చెల్లెలి చేతికి కట్టింది. చెప్పులేసుకుంటూ, "గీ ఇంట్ల నాకు ముద్ద దిగదు" అంది. వాకిట్లో ఆగి మళ్లీ వెనక్కి తిరిగింది. "ఎప్పుడన్న సరే, ఒక్క ఫోన్ కొట్టు. ఉన్న పళంగ వస్త."

మహేశ్వరి అక్కను బస్సు దాకా సాగనంపలేదు. ఒక కాలు గడప లోపలే ఉంచి, ఆమె మలుపు తిరిగే దాకా చూసింది.

కుక్కర్ సన్నగా బీప్‌మని ఆగింది. మహేశ్వరి ఆవిరి వదిలి మూత తీసింది. ముక్క మెత్తగా ఉడికింది. ముగ్గురి కోసం చేసిన కూర. రెండు కంచాల్లో వడ్డించింది.

పరశురాములు అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"అక్కతోటి పోకపోయినవ్?" అన్నాడు.

"తిను."

"ఎన్ని దినాలు గిట్ల?"

"చల్లారుతది. తిను."

అతను ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. రెండో ముద్ద కలిపి, కలిపిన చోటే వదిలేశాడు. ఆమె ఒక మెత్తటి ముక్క ఏరి అతని కంచంలో వేసింది. దాన్ని అతను చూడలేదు. బయట దీపాలు వెలిగాయి. ఇద్దరి కంచాల్లోనూ అన్నం ఎండుతోంది.

శ్రావణంలో గోదావరి వంతెన మీది నుంచి దూకిన పరశురాములును చేపలు పట్టేవాళ్లు ప్రాణాలతో ఒడ్డుకు లాగాక, అతను ఇంకా ఆసుపత్రిలో ఉండగానే, పొయ్యి, కత్తి, గొళ్లాలు అన్నీ ఆ ఇంట్లోంచి తన చేతులతో ఒక్కొక్కటే తీసేసింది మహేశ్వరి.