మైకు మింగిన మాట

"ఇంకోసారి ఇది ధబ్‌మంటే తీసుకెళ్లి పెంటలో పారేయిస్తాను," అన్నాడు ఊరిపెద్ద తుయిలొమా. "స్విచ్ వేసినప్పుడల్లా పిడుగు పడ్డట్టే. పాపం, లోసా అవ్వకి గుండెదడ పట్టుకుంది."

ఫెతూ అప్పటికే ఊరి మైకుల ఆంప్లిఫయరు మూత విప్పి కూర్చుంది. సమోవాలో ఆ తీరం పొడుగునా మైకులు, రేడియోలు బాగుచేసేది ఆమె ఒక్కతే.

"ఈ చిప్పుకి రెండు కాళ్లున్నాయి మావయ్యా. ఒకటి దాన్ని నిద్ర లేపుతుంది, రెండోది నోరు తెరిపిస్తుంది. ఇదేమో లేస్తూనే నోరు తెరుస్తోంది, అందుకే ఆ చప్పుడు. రెండో కాలికి పెద్ద కెపాసిటర్ వేస్తే, రెసిస్టర్ గుండా మెల్లగా నిండుతుంది. నిండేదాకా నోరు మూసుకునుంటుంది."

"మీ అత్తకి కూడా ఒకటి వేసిపెడుదూ."

ఫెతూ నవ్వి లెక్క చూసుకుంది. ఇరవై రెండు మైక్రోఫారడ్లు చాలు. పెట్టెంతా వెతికితే వందది తప్ప లేదు. రెసిస్టర్ తగ్గించి సరిపెడదామంటే చిన్నవీ అయిపోయాయి.

"ఆపియా పట్నం నుంచి తెప్పిస్తాను. శుక్రవారం దాకా ఆగు."

"పెద్దదేస్తే వచ్చే నష్టమేంటి?"

"స్విచ్ వేశాక కాసేపు మాట బయటికి రాదు. ఆగి మాట్లాడాలి."

"ఆగుతాలే. నేనేమైనా చిన్నపిల్లాణ్ణా?"

మనసొప్పకపోయినా వందదే పెట్టి టంకం వేసింది. స్విచ్ వేస్తే చిన్న చప్పుడైనా లేదు. తుయిలొమా మురిసిపోయాడు.

మర్నాడు పొద్దున ఫెతూ కొబ్బరి కోరుతుంటే ఊళ్లో మైకులన్నీ ఒక్కసారి మోగాయి. తుయిలొమా గొంతే.

"వెంటనే ఒడ్డు వదిలి పైకి వచ్చేయండి. ఆలస్యం చెయ్యొద్దు."

కోరాం అక్కడే పడేసి పరుగెత్తింది. బళ్లోంచి పిల్లలు, పొయ్యిల దగ్గర్నుంచి ఆడవాళ్లు, గడ్డం సగం గీసుకున్న పాస్టరు, ఊరంతా కొండదారి పట్టింది. సగం దూరంలో లోసా అవ్వ జారిపడింది. కాలు విరిగింది. కొడుకు సావిలి, ఫెతూ కలిసి ఆమెని చాపలో వేసి పైకి మోసుకొచ్చారు.

కాసేపటికి తుయిలొమా రొప్పుతూ వచ్చాడు.

"మీకేం పోయేకాలం? ఊరంతా ఎందుకెక్కారు?"

"నువ్వేగా రమ్మన్నావు," అన్నాడు సావిలి.

"నేనన్నదేంటి? 'రేవులో పడవల దగ్గరున్నవాళ్లు మాత్రం వెంటనే ఒడ్డు వదిలి పైకి వచ్చేయండి' అన్నాను. ఎక్కడో దూరాన భూమి కదిలిందట. రేవులో నీళ్లు కాస్త సుడి తిరుగుతాయని కబురొచ్చింది. అంతే."

ఫెతూ అతని వైపు తిరిగింది. "మావయ్యా, స్విచ్ వేసి ఆగావా?"

"తొందరలో ఎక్కడ గుర్తుంటుంది?" అన్నాడు తుయిలొమా.

అందరి చూపులూ ఆమె మీదికి తిరిగాయి.

"నీ ప్రయోగాలకి మా అమ్మ కాలు కావాల్సొచ్చిందా?" అన్నాడు సావిలి.

"తప్పు నాదే," అంది ఫెతూ. ఆ మాట ఆమెకే సరిగ్గా వినిపించలేదు. "పదండి, అవ్వని కిందికి దింపి ఆసుపత్రికి తీసుకెళ్దాం."

తిట్టుకుంటూ జనం దిగడం మొదలుపెట్టారు. ఫెతూ చాప కొస పట్టుకుని ఎత్తబోయింది. సముద్రం వైపు మొహం పెట్టి పడుకున్న అవ్వ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఆగండర్రా. సముద్రం అంత వెనక్కి పోయిందేంటి? రేవులో నీళ్లేవి?"