ముఖం ఒక్కటే

“గడ్డం కింద ఆ మడత నాది కాదు,” అన్నాడు క్లైవ్.

నోలీన్ టాబ్లెట్ మీద ప్లాస్టిక్ పెన్నుతో ఆ మడతకే ఇంకాస్త నీడ అద్దింది.

ఆస్ట్రేలియాలో యారవొంగా ఊరి గ్రంథాలయంలో పెద్దవాళ్ళకి డిజిటల్ బొమ్మల క్లాసు పెట్టారు. చివరి పాఠం, ఫోటోనా అనిపించేలా ఓ ముఖం వెయ్యడం. జుట్టు వద్దు, బట్టలు వద్దు, ముఖం ఒక్కటే, అదీ ఉన్నది ఉన్నట్టు వెయ్యాలని టీచరు బ్రీ గట్టిగా చెప్పింది. శనివారం టౌన్ హాల్లో ప్రదర్శన.

సోమవారం పొద్దున టీ కోసం వంటింట్లోకి వచ్చిన క్లైవ్, పెళ్ళాం భుజం మీద నుంచి తొంగి చూసి ఆగిపోయాడు. తెర మీద సగం ముఖం. ఆ బుగ్గలు, ఆ నుదుటి గీతలు!

“నోలీ! నేనే కదూ?”

నోలీన్ పెన్ను పక్కన పెట్టి అతని వంక చూసింది. “నీకలా కనిపిస్తోందా?”

“కనిపించకేం! అచ్చు దిగిపోయాను.”

“సరే అయితే,” అంది. మళ్ళీ పెన్ను అందుకుంది.

క్లైవ్ పరిగెత్తి, పచ్చిక మీద బంతులు దొర్లించే తన ఆటల క్లబ్బు తెల్లచొక్కా తొడుక్కొచ్చాడు. అద్దాల అలమారా ముందు కుర్చీ వేసుకుని, ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు.

“పక్కకి జరుగు,” అంది నోలీన్.

జరిగాడు.

“ఇంకా.”

ఫ్రిజ్ పక్కకి చేరితే గానీ ఆవిడ ఊరుకోలేదు. రోజూ రెండేసి గంటలు అక్కడే కూర్చున్నాడు. పెళ్ళయి నలభై ఆరేళ్ళు. ఆవిడ ఇంత శ్రద్ధగా, మాటిమాటికీ తలెత్తి చూడటం ఇదే మొదలు. ఆ చూపు తన చెవి పక్కనుంచి పోతున్నట్టు అనిపించినా, కళాకారుల చూపు అలాగే ఉంటుంది కాబోలనుకున్నాడు.

అయితే అతనికి సలహాలివ్వకుండా ఉండటం చేతకాదు.

“ఆ ముక్కేమిటి, బంగాళాదుంపలా?” అన్నాడు మంగళవారం. ఆ రాత్రి కంచంలో ఎప్పుడూ ఉండే మాంసం లేదు. ఉడికించిన బంగాళాదుంపలే ఉన్నాయి.

“కళ్ళ కింద ఆ సంచులు చూడు! వారం సరుకులు పట్టేలా ఉన్నాయి,” అన్నాడు బుధవారం. ఆ రాత్రి బీన్స్ డబ్బా మూత కూడా తియ్యకుండా బల్ల మీద పెట్టింది.

“మూతి మీద ఆ నూగేమిటే? నేను రోజూ గీసుకుంటాను కదా!” అన్నాడు గురువారం పొద్దున.

నోలీన్ లేచింది. బాత్రూం తలుపు ధడేల్‌మంది. అరగంట దాకా బయటికి రాలేదు. సాయంత్రానికి బొమ్మలో నూగు లేదు.

“చూశావా, చెబితే వింటుంది,” అన్నాడు క్లైవ్, అప్పుడే వచ్చిన నెవిల్‌తో. నెవిల్ అతనితో పాటు క్లబ్బులో బంతులు దొర్లించేవాడు.

నెవిల్ టాబ్లెట్ మీదికి వంగి ఇటూ అటూ చూశాడు. “ఒరేయ్, నువ్వేరా! కాకపోతే కళ్ళల్లో కాస్త తెలివి కనిపిస్తోంది.”

ఆ వారంలో నోలీన్ నవ్వింది ఆ ఒక్కసారే. నెవిల్‌కి రెండు లామింగ్టన్ కేకులు పెట్టింది. క్లైవ్‌కి పెట్టలేదు.

శనివారం క్లైవ్ క్లబ్బు మొత్తాన్నీ టౌన్ హాలుకి తోలుకొచ్చాడు. బొమ్మని క్లబ్బు గోడ మీద, గెలిచిన కప్పుల మధ్య తగిలించాలని అప్పటికే తీర్మానం చేయించేశాడు. గోడంత తెర మీద ఆ ముఖం వెలుగుతుంటే చొక్కా కాలరు సర్దుకున్నాడు. పక్కనే నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

“మిత్రులారా! ఈ ముక్కు దగ్గర మా ఆవిడ చెయ్యి జారింది. ఈ సంచులు నావి కావు, ఈ మడత అసలే కాదు. మూతి మీద మీసాలు కూడా మొలిపించింది, నేను దగ్గరుండి పీకించాను!”

హాలంతా గొల్లుమంది. టీలోకి పెట్టిన స్కోన్ బన్నుల బల్ల దగ్గర నోలీన్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

“ఎన్ని వంకలున్నా ఒక్క మాట,” క్లైవ్ కళ్ళు తుడుచుకున్నాడు. “నన్నింత ప్రేమగా ఇంకెవరూ చూడలేదు. అమ్మాయ్ బ్రీ, కింద ఆ చీటీ మీద ఏముందో అందరికీ వినపడేలా చదువమ్మా.”

బ్రీ చీటీ చూసింది. క్లైవ్‌ని చూసింది. నోలీన్ వైపు తిరిగింది. చదవమన్నట్టు నోలీన్ తలూపింది.

బ్రీ గొంతు సవరించుకుని చదివింది: “నోలీన్ హాగన్, అద్దంలో తన ముఖం తానే చూసుకుంటూ వేసుకున్న బొమ్మ.”